ఊట మీద పునాది

నాన్న పోయాక ఆయన కొట్టు నా పేరుకు మార్పించుకునే పని మీద కిందటి నెల మా ఊరి ఆఫీసు భవనానికి వెళ్ళాను. మెట్లెక్కబోతుంటే కింద సెల్లారులోంచి వాసన వచ్చింది. పాచి పట్టిన తడి రాయి వాసన, దాని వెనకే చల్లటి మట్టి వాసన. ఎన్నేళ్ళయితే మాత్రం మరిచిపోతానా! అది మా ఊటది. ఎంత పూడ్చినా ఊరుతూనే ఉందట, మోటారు ఆపితే బళ్ళ చక్రాలు మునుగుతాయట. పగలూ రాత్రీ తోడి మురిక్కాలువలో పోస్తున్నారు.

హుకుంపేట అవతల, ఏటి ఒడ్డున సంత జరిగే ఊరు మాది. నాన్న మైదానం నుంచి ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకోవడానికి కొండెక్కిన మనిషి. సంతకి కాస్త ఎగువన, రెండు బండల సందులోంచి పుట్టేది ఊట. చలికాలం పొద్దుటే దాని మీద పొగలు లేచేవి, ఎండాకాలం చెయ్యి పెడితే జివ్వుమనేది. కొండంతా వలిసెపూలతో పచ్చబడ్డ రోజుల్లో, పనసకాయలు దించే రోజుల్లో, కొత్తల పండగ కాకుండా మామిడికాయ కొరకకూడదని గూడెం పిల్లలు నోరు కట్టుకుంటే నేను కొట్టు వెనక ఉప్పూకారం అద్దుకుని తింటూ వాళ్ళని ఊరించిన రోజుల్లో, సంత ముగిశాక చోడి అంబలి తాగి మూతులు కడుక్కోవడానికి, అందరం చేరేది అక్కడికే. గూడెం మొత్తం తాగేది ఆ నీళ్ళే.

కొండ మీద నేస్తం కట్టడమంటే ఆషామాషీ కాదు. మా వైపు ఊట దగ్గర ఒకరి నెత్తిన ఒకరు బియ్యం గింజలు వేసుకుని, ఒకే అడ్డాకు దొన్నెలో నీళ్ళు తాగాలి. ఆ తర్వాత చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. నేస్తానికి అబద్ధం చెప్పకూడదు. నాన్నకి గూడెం పెద్ద సోమన్న నేస్తం, సోమన్న కూతురు నాకు నేస్తం. ఆమె పేరు ఇక్కడ కూడా రాయను.

నా చిన్నప్పుడే, ఊట పక్కన పెద్ద ఆఫీసు కడతారని కబురొచ్చింది. గూడెం ఒప్పుకోనిదే తవ్వడానికి లేదు. ఆ సాయంత్రం సోమన్న మా కొట్టు అరుగు మీద కూర్చుని ఒక్కటే అడిగాడు.

“మా ఊట ఉంటాదా నేస్తం?”

“ఊట జోలికి ఎవుడొస్తాడు? సుట్టూ కంచె కట్టి ఒగ్గేత్తారు. నాను సెప్తన్నాను కదా!” అన్నాడు నాన్న.

“నువ్వు సెప్తే సాలు.”

నేను పరిగెత్తుకెళ్ళి నా నేస్తానికి అదే చెప్పాను. మా నాన్న అన్నాడంటే ఇంక తిరుగేముంది! సోమన్న మాట మీద గూడెమంతా సరేనంది.

వానలు వెనకపట్టగానే పొక్లెయిన్ వచ్చింది. మొదట్లో మాకది తిరునాళ్ళే, పేలాలు ఒళ్ళో పోసుకుని గట్టున కూర్చుని చూసేవాళ్ళం. గుంటల్లో ఇనప ఊచలు మనిషెత్తు లేచాయి. ఒక పొద్దున బిందెలతో వెళ్ళిన ఆడవాళ్ళు దారిలోనే నిలబడిపోయారు. రెండు బండలూ పక్కకి దొర్లించి ఉన్నాయి. ఊట ఉన్నచోట గుంట, గుంటలో బురద నీళ్ళు, వాటిని మోటారుతో తోడుతూ పైనుంచి కాంక్రీటు పోస్తున్నారు. లారీ పక్కన నిలబడి సిమెంటు బస్తాలు దింపిస్తున్నది మా నాన్నే. నా నేస్తం ఖాళీ బిందె చంకన పెట్టుకుని నాకేసే చూసింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ అమ్మనడిగాను, నాన్ననెవరో మోసం చేశారా అని. అమ్మ పొయ్యి ఊదుతూనే అంది. “మీ నాన్నని మోసం సేసీవోడు పుట్టాలే గుంటా! ఆఫీసు స్తంభం ఊట మీదే వస్తాదని, సోమన్న అడక్కముందే, సిమెంటు బేరం కుదిరిన్నాడే తెలుసు. నోర్మూసుకుని బేగి తిను.”

కంచం పక్కకి నెట్టేశాను. కన్నతండ్రి నవ్వుతూ నేస్తానికి అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, అదే అబద్ధం నా నోటితో కూడా చెప్పించడం ఇంకో ఎత్తు. ఆయన పోయాడు గానీ ఆ కోపం నాలో పోలేదు. కాంక్రీటు పోసిన మర్నాటి సంతలో సోమన్న కొట్టుకొచ్చి, “షావుకారూ, ఉప్పు పేకెట్టియ్యి” అన్నాడు. నాన్న తలెత్తకుండా ఇచ్చాడు. కొట్టుకున్నా బాగుండేది. ఆ రోజు నుంచి నా నేస్తం మా వీధికి రాలేదు.

ఇప్పుడు సంత తారు రోడ్డు పక్కకి జరిగింది. అడ్డాకుల బదులు ప్లాస్టిక్ పళ్ళేలు వచ్చాయి. గూడేనికి ట్యాంకరొస్తుంది, వచ్చిన రోజు. కిందటి నెల ఆ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే, మంచినీళ్ళ టిన్ను భుజాన పెట్టుకుని ఒకామె మెట్లెక్కి వచ్చింది. ఆ ఆఫీసులో నీళ్ళు పట్టే పని ఆమెది. చిన్నప్పటిలాగే కొంచెం కుడివైపు ఒరిగి నడిచే ఆ నడక చూసి పోల్చుకున్నాను. గబుక్కున లేచి, “నేస్తం!” అన్నాను.

టిన్ను దించి నన్ను చూసింది. గుర్తుపట్టింది, కళ్ళలో తెలుస్తూనే ఉంది. గ్లాసు కడిగి, నింపి, నా చేతికిచ్చింది. కింద మోటారు మోగుతూనే ఉంది.

“తాగండి, పార్వతి మేడంగారూ,” అంది.