ఇక రాడని చెప్పాను

కష్టజీవి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మండుతుందనే మళ్లీ అంటాను, మీరు విసుక్కున్నా సరే. నాయిన సంవత్సరీకం నాడు మా మామ అందరి ముందూ ఏమన్నాడు? "బావ ఆదివారం గూడ షాపు బంద్ పెట్టలే. పిల్లల కోసమే పానం పెట్టిండు." అందరూ తలలూపారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను లేచి డాబా మీదికి పోయాను. ఇంకాసేపు కూర్చుంటే అరిచేసేవాణ్ణి. ఆ ఆదివారాలు నాయిన మా కోసం ఇచ్చినవి కావు. నేను లాక్కున్నవి. ఏళ్లుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అమ్మకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నాకు ఏమీ కారు కాబట్టి.

నాయినకు నారాయణగూడలో వెల్డింగ్ షాపు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాడు. వారమంతా నల్లద్దం చాటు నుంచి నిప్పురవ్వలు చూసి, అశోక్ నగర్‌లో మా కిరాయి ఇంటికి ఎర్రబడ్డ కళ్లతో వచ్చేవాడు. చొక్కా నిండా సన్న సన్న చిల్లులు. పాలమూరు పల్లెలో పుట్టినవాడు, వారానికి ఒక్కసారైనా చెట్టూ గుట్టా చూడకపోతే మనిషి మనిషిలా ఉండడు. అందుకే ఆదివారం ఆయనది. కాచిగూడలో ఉండే దోస్తు సత్తన్నకు సొంత వ్యాన్ ఉండేది. చిక్కడపల్లిలో మిగతా దోస్తుల్ని ఎక్కించుకుని ఊరి బయట గుట్టలకో చెరువు గట్లకో పోయేవాళ్లు. మూడు రాళ్లు పేర్చి కూర వండేది నాయినే. చిన్నప్పుడు నన్నూ తీసుకుపోయేవాడు. చెప్పులు విడిచి, ఎండకు కాగిన బండ మీద వెల్లకిలా పడుకుని, పక్కన చేత్తో తట్టి నన్నూ పడుకోమనేవాడు. ఆ బండ వేడి ఇప్పటికీ నా వీపుకు గుర్తుంది. నాయిన అంత నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

నేను పెద్దయ్యాక మానేశాను. నాకు ఫోన్ చాలు. కాలేజీ నుంచి రాగానే రిసీవర్ చెవికి అతుక్కునేది. శనివారం సాయంత్రం మాత్రం లైన్ ఖాళీగా ఉంచాలి, సత్తన్న ఫోన్ వస్తుంది. రమ్మని ఫోన్ వస్తేనే నాయిన పోతాడు. తనంతట తాను ఏనాడూ అడగడు.

ఆ శనివారం నేను ఒకమ్మాయితో మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయి మాట సగంలో ఉంది. నాయిన వచ్చి నా చేతిలోంచి రిసీవర్ తీసి టక్కున పెట్టేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. నా తల పేలిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏం బిడ్డా, నాయిన ఉన్నడా? పొద్దుగాల్ల తయారుండుమను. మటన్ నేను తెస్తున్న, మసాల మాత్రం ఆయనదే."

"నాయిన రాడంట అంకుల్."

"ఏమైంది? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నడు. ఇగ ఎప్పుడు రాడంట. మీరు తాగి లొల్లి చేస్తరంట, ఫోన్ చెయ్యొద్దని చెప్పమన్నడు."



"మీ నాయిన గట్లన్నడా?"

"అన్నడు."

"సరే తియ్ బిడ్డా. చెయ్యం."

నాయిన తల తుడుచుకుంటూ వచ్చి ఎవరని అడిగాడు. రాంగ్ నంబర్ అన్నాను. ఆయన మసాలా నూరి స్టీలు డబ్బాలో పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ ఫోన్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో. కోపం ఇంకా చల్లారలేదనుకుంటా. తర్వాతి వారం భయం. ఆ తర్వాత, ఇన్ని రోజులు దాచినందుకు ఇంకా పెద్ద భయం. అమ్మ ఒకసారి నువ్వే చెయ్యరాదా అంది. నాయిన నవ్వాడు. "పిలవని పేరంటానికి పోతరా ఎవరన్న?" అన్నాడు. ఆ నవ్వు నాకు మా ఇద్దరి మధ్యా గోడలా కనబడింది. ఒక్క మాటతో పడిపోయే గోడ. ఆ మాట నా దగ్గరుంది. నేను అన్నం కలుపుకున్నాను.

కొన్నాళ్లు ఆదివారం పొద్దున్నే లేచి చాయ్ గ్లాసుతో డాబా మీద నిలబడేవాడు. తర్వాత షాపు తెరవడం మొదలుపెట్టాడు. దోస్తులు తనను ఎందుకు వదిలేశారో ఏనాడూ ఎవరినీ అడగలేదు. తనలోనే ఏదో తప్పు వెతుక్కుని ఉంటాడు. ఏం వెతుక్కున్నాడో నాకెప్పటికీ తెలియదు. ఒక మధ్యాహ్నం షాపులోనే గుండె ఆగింది. గ్రిల్ సగంలో ఉంది.

చావుకు సత్తన్న వచ్చాడు. అందరి వెనకా నిలబడి, చివరికి నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, "ఆఖరిదాక మా మీద కోపం పోలే గదా ఆయనకు" అన్నాడు. అది అడగడం కూడా కాదు. అప్పుడైనా చెప్పొచ్చు. తల దించుకున్నాను. ఆయన దాన్ని అవునని అనుకున్నాడు.

ఇప్పుడు నా దగ్గర కార్డ్‌లెస్ ఉంది. ఇంట్లో ఎటు తిరిగినా చేతిలోనే. సత్తన్న నంబర్ నోటికొచ్చు. చేస్తాను, ఆయన హలో అనగానే పెట్టేస్తాను. చెబితే నా బరువు దిగుతుంది, నిజమే. కానీ తన దోస్తు ప్రతి శనివారం తన ఫోన్ కోసమే కూర్చున్నాడని ఆ ముసలాయనకు తెలుస్తుంది. ఆ బరువు ఆయనకెందుకు? లేక ఇదీ నా పిరికితనానికి నేను వెతుక్కున్న సాకేనా? ఈ కాసిని మాటలు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే. అంతకుమించి నాకు రావలసిందేమీ లేదు.

చిన్నతనం, కోపంలో నోరు జారావు, వదిలెయ్ అంటారు మీరు. నోరు జారింది ఒక్క సాయంత్రం. ఆ తర్వాత కన్నతండ్రి ఫోన్ వంక చూస్తూ కూర్చుంటే అదే గదిలో అన్నం తిన్నవాణ్ణి నేను. ఇప్పుడు చెప్పండి, అది కూడా చిన్నతనమే అంటారా?