ఖాళీగా తిరిగిన చక్రం

మొన్న నాచారంలోని మా ఇంటి గోడ మీది పాత కరెంటు మీటరు తీసేసి కొత్తది బిగించడానికి వచ్చిన మనిషి, బోర్డు వెనక నుంచి గోడ అవతలికి పోయిన సన్నటి వైరు చూపించి, ఇదెక్కడికి పోతుందని అడిగాడు. నాకు తెలియదు. వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"అది నేనే గుంజిపిచ్చిన. మీ నాయినకు తెల్వకుంట."

మన తరానికి ఆ మీటర్లు గుర్తుండే ఉంటాయి. అద్దం వెనక అల్యూమినియం చక్రం, ఇస్త్రీపెట్టె పెడితే పరుగు, ఒక్క బల్బు వేస్తే నడక. మా నాయిన ఇక్కడి పారిశ్రామికవాడలో వాటిని తయారుచేసే కర్మాగారంలో, పరీక్షించే విభాగంలో పనిచేశాడు. లోడు లేనప్పుడు చక్రం ఒక చుట్టు కూడా పూర్తిచెయ్యకూడదు. చేస్తే ఆ మీటరు 'పాకుతుంది' అని పక్కన పెట్టేవాళ్లట. ఒక ఇంటి కరెంటు ఇంకో ఇంటికి ఇవ్వడం నియమానికి విరుద్ధమని, మీటర్ల మనిషే ఆ పని చేస్తే ఉద్యోగానికే మచ్చని ఆయన గట్టిగా నమ్మేవాడు.

ఆ రోజుల్లో మా వెనక రేకుల గదిలోకి జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం దిగింది. కిటికీ లేని గది, కనెక్షన్ ఇంకా రాలేదు, ఆ ఇంటి అక్క పచ్చి బాలింత. అమ్మ పంపిన జీరో బల్బు ఆ వైరు మీదే అక్కడ పగలూ వెలిగేది.

ఒక ఆదివారం ఉప్పల్ మార్కెట్ నుంచి వచ్చిన నాయిన చక్రం కదలడం చూసి, ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి వచ్చి, అది ఇంకా చీమలా నడుస్తుంటే చేతులు కట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడట. గోడ అవతల పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది.

"మీటరే జర పాకుతుంది, ఇడిసిపెట్టు" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడట.

ఇంటి ఫ్యూజు ఒక్కసారి పీకి ఉంటే, మీటరు పాకుతుందో కరెంటు ఎటైనా పోతుందో, చక్రం ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి అప్పుడే తేలిపోయేది. కర్మాగారంలో రోజూ లోడు తీసేసి చేసే ఆ పరీక్ష ఇంట్లో మాత్రం ఆయన ఏనాడూ చెయ్యలేదు. కొన్నాళ్లకు అక్కవాళ్లు మౌలాలికి మారిపోయారు, నాయినా కాలం చేశాడు.

కొత్త మీటరులో ఎర్రదీపం మిణుకుమంటుంది, వాడిన యూనిట్లు దశాంశాలతో సహా చూపిస్తుంది. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లెవరూ లేరు. నాయినకు తెలిసే అలా అన్నాడా అని అమ్మను అడిగాను.

"నేనడగలె, ఆయన చెప్పలె" అంది.