నలుగురికి మించకుండా

ఆ రోజుల్లో రాజ్యాంగం మొత్తం నా పుస్తకాల సంచిలోనే ఉందనుకునేదాన్ని. బందరులో డిగ్రీ చదువుతున్నాను. పాలిటిక్స్ మేడం అప్పుడే పంతొమ్మిదో అధికరణం చెప్పారు: మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. (మా ఆయుధాలల్లా టిఫిన్ డబ్బాలు, గొడుగులు.) సరిగ్గా ఆ వారమే దివిసీమ వైపు వెళ్ళే మా సాయంత్రం బస్సు తీసేశారు. కోడూరు నుంచి వచ్చే నా స్నేహితురాలు మైకు (గొంతును బట్టి మేం పెట్టుకున్న పేరు) కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బస్సు లేకపోతే చదువు మానెయ్యమన్నారే మా నాన్న" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కాలేజీ వదలగానే అమ్మాయిలమంతా బస్టాండుకి ఊరేగింపుగా బయల్దేరాం. బస్టాండు గేటు దగ్గర ఎస్సై గారు అడ్డం నిలబడ్డారు. "ఊళ్ళో ఆర్డరుందమ్మా. నలుగురికి మించి గుమిగూడకూడదు. ఇళ్ళకెళ్ళండి" అన్నారు. "ఎలా వెళ్ళమంటారండీ, బస్సు లేదుగా!" అంది మైకు. నాకు పూనకం వచ్చినట్టయింది. "నలుగురైతే పర్లేదాండీ?" అని అడిగాను. ఆయన ఏ ధ్యాసలో ఉన్నారో, "ఆఁ" అనేశారు.

అంతే! నలుగురేసి చొప్పున విడిపోయి, రోడ్డు పొడవునా ఎడం ఎడంగా నిలబడ్డాం. ఈ చివర వాళ్ళు "మా బస్సు" అంటే, ఆ చివర వాళ్ళు "మాకివ్వాలి" అనాలి. మధ్యలో లారీల హారన్లకి ఒకరి మాట ఒకరికి వినపడక, "మాకివ్వాలి" ముందొచ్చేసేది. చూసి చూసి ఉండబట్టలేక, టీకొట్టు భాయ్ గారు పొయ్యి ముందు నుంచే మా రెండు ముక్కలూ కలిపి గొంతెత్తి అరవడం మొదలుపెట్టారు. నా గుండె ఎగిరి గంతేసింది. ఎస్సై గారు చెమటలు తుడుచుకుంటూ మా నలుగురి దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా ఇది?" అన్నారు. మైకు ఎంతో మర్యాదగా, "సార్, కాస్త దూరంగా నిలబడండి. మీతో కలిపి ఐదుగురం అవుతున్నామండీ!" అంది. ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశారు. రోడ్డంతా ఘొల్లుమంది. ఆయన నవ్వు ఆపుకుంటూ డిపోలోకి వెళ్ళి, మేనేజరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ సాయంత్రమే మా బస్సు మాకొచ్చింది. దారి పొడవునా అరుస్తూనే వెళ్ళాం, ఇక అరవాల్సిన పని లేకపోయినా.

ఇప్పుడు నేను గుడివాడలో వకీలుని. సభ పెట్టుకుంటామని ఎవరైనా వస్తే, "హక్కుందండీ, కానీ ముందు అర్జీ పెట్టండి, పర్మిషన్ వచ్చాక చూద్దాం" అని నెమ్మదిగా చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ, సంచిలో రాజ్యాంగం మోసుకు తిరిగిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు తను నా సలహా అడిగి ఉంటే, మైకు చదువు మానేసేది.