సున్నాలు కత్తిరించిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... పద్దెనిమిదేళ్ళ దానికి చిన్నప్పుడేంటని నవ్వకండి... లాక్‌డౌన్‌లో నేను ఆరో క్లాసు. దుబాయ్‌లో మేముండే డేరా పేటలో, ఎదురింటి పరీసా వాళ్ళ తివాచీ మీద కూర్చుని, అమ్మ జాకెట్లు కుట్టే పెద్ద కత్తెరతో నోట్లు కత్తిరిస్తున్నాను. నిజం నోట్లే.

పరీసా వాళ్ళది ఇరాన్. వాళ్ళమ్మ లేదు, తండ్రీ కూతురే. వాళ్ళ నాన్న రహీమ్ చాచా క్రీక్ రేవులో, ఇరాన్ వెళ్ళే లాంచీల్లో సరుకు ఎక్కించేవాడు. పరీసా డేరాలోనే పుట్టింది, నాతో హిందీలోనే పోట్లాడేది. వాళ్ళ ట్రంకుపెట్టెలో లక్ష రియాళ్ళ నోట్లు కట్టలు కట్టలుగా ఉండేవి... లక్షాధికారులం అని ఇద్దరం తెగ ఎగిరేవాళ్ళం. ఆ లక్షకి ఒక షవర్మా కూడా రాదని మాకేం తెలుసు!

ఆ రోజు టీవీలో చెప్పారు. ఇరాన్‌లో ఏళ్ళ తరబడి ధరలు మండి వాళ్ళ డబ్బు చితికిపోయిందట, అందుకని నాలుగు సున్నాలు తీసేస్తారట. మా నాన్న అన్నం కలుపుకుంటూ, "నాల్గు సున్నాలు కోసి పారేస్తరట" అన్నాడు. నాకది చాలు.

చాచా బయటికి వెళ్ళగానే కత్తెరతో దిగాను. ప్రభుత్వం చేసే పని మనమే ముందు చేసేస్తే మీ నాన్న మురిసిపోతాడన్నాను. పరీసా వద్దంది. పిరికిదానా అని వెక్కిరించాను. వాళ్ళ అంకెల్లో సున్నా అంటే ఒట్టి చుక్క... అందుకే నోటు వెనక్కి తిప్పి, ఇంగ్లీషు సున్నాలు నాలుగేసి కోశాను. లక్ష కాస్తా పది. అలా ఒక కట్ట అయిపోయింది.

తలుపు చప్పుడైంది. నేను కత్తెరతో సహా తలుపు వెనక్కి నక్కాను.

చాచా కోసిన నోట్లు చూశాడు... బెల్టు తీశాడు. మొదటి దెబ్బ వీపు మీద. రెండోదానికి బకిల్ తగిలి పరీసా కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను కోశాను అని ఒక్క ముక్క చెబితే ఆగేది. నేను కత్తెరని లంగా మడతలో దాచుకున్నాను. సిగ్గులేని దాన్ని.

అరుపులు విని మా నాన్న పరిగెత్తుకొచ్చాడు. చాచా కాలర్ పట్టి గోడకేసి బాదాడు. చాచా తలతో నాన్న మూతి మీద ఒక్క పోటు పొడిచాడు... పన్ను ఊడి తివాచీ మీద పడింది. టీ గ్లాసులు పగిలాయి. ఇద్దరూ రొప్పుతూ ఆగాక, నోట్లు ఎవరు కోశారని నాన్న హిందీలో అడిగాడు.

పరీసా తలుపు వైపు చూడనైనా లేదు.

"మైనే" అంది. నేనే అని.

చాచా అక్కడే కూలబడ్డాడు. గాజుపెంకుల మధ్య సున్నాలు ఏరి, నోట్ల కంతల్లో వేలితో అతికించబోతూ ఏడ్చాడు. లాంచీలు మళ్ళీ తిరగ్గానే ఇరాన్‌లో ఉన్న తన ముసలి తల్లి మందులకి పంపాల్సిన డబ్బట అది.

ఇంటికొచ్చాక నా లంగా మడతలో కత్తెర అమ్మకి దొరికింది, దానికి ఒక సున్నా అంటుకుని. చెంప పగిలేలా ఒకటిచ్చి మెల్లగా అంది: "నోరు మూస్కో. మీ నాన్న పన్ను పోయింది, ఇగ పరువు గూడ తీస్తవా?"

మూసుకున్నాను.

దారులు తెరిచాక వాళ్ళు లాంచీ ఎక్కి వెళ్ళిపోయారు. కనుబొమ్మ మీద కుట్ల మచ్చతో పరీసా మెట్ల మీంచి చెయ్యి ఊపింది. నేను మామూలుగా ఊపాను.

అప్పట్లో ఆ సున్నాలు తీయనే లేదు. ఇప్పుడు మళ్ళీ తీస్తామంటున్నారు... ఆ వార్త చూసిన దగ్గర్నుంచి నాన్న ఇంటికొచ్చిన వాళ్ళందరికీ పన్ను సందు చూపించి, ఆ పిల్లని ఎలా కాపాడాడో చెప్తున్నాడు. ఆ పిల్ల అబద్ధమాడిందనే ఆయనకి తెలియదు.

నాన్నా, నా ఈ పోస్టు చదువుతున్నావు కదా... కత్తెర నా చేతిలో ఉండింది.

ఎదురింటి తలుపు అలా తోసుకుని వెళ్ళే రోజులు పోయాయి. ఇప్పుడక్కడ ఎవరుంటున్నారో కూడా నాకు తెలియదు... మీకు పడాల్సిన దెబ్బలు ఎవరైనా తిన్నారా? తింటే వాళ్ళ పేరు కింద రాయండి.

నా తరఫున తిన్నది పరీసా.