అత్త నేర్చుకున్న ఇంగ్లీషు మాట

పోయిన వారం ఎమ్మిగనూరులో మా బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. ‘వాలంటరిలీ’ అన్న మాటతో సొంతవాక్యం రాయమంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ‘మా అమ్మ రోజూ వాలంటరిలీ వంట చేస్తుంది’ అని ఇంగ్లీషులో రాసింది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. మార్కు వేయడానికి మాత్రం నా చెయ్యి కదల్లేదు. ఆ అమ్మను ఎవరైనా అడిగారా అని నా సందేహం. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నాను గానీ, ఆ మాటకు అర్థం నాకు బళ్లో తెలియలేదు. ఆదోనిలో, జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మా మేనత్త వల్ల తెలిసింది. ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు.

అత్త కోసిగి వైపు పల్లెలో కాపురం చేసింది. మామ పోయాక ఆదోని వచ్చి మా ఇంట్లోనే ఉండేది. సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి జుట్టు, కనుబొమలు, చెవుల సందులు అన్నీ దూదే. “అక్కా, నిన్ను దులిపితే ఒక దిండు కుట్టచ్చు” అని మా నాన్న నవ్వేవాడు. ఆమె పట్టించుకోకుండా గుమ్మం బయట కొంగు దులిపి, తిన్నగా నీళ్లకుండ దగ్గరకు పోయి రెండు చెంబులు గటగటా తాగేది. మిల్లులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దుననగా పోయినవాళ్లు సాయంత్రం దాకా గొంతు తడుపుకునేవాళ్లు కాదు. ఒకరోజు అత్త నలుగురి ముందు సూపర్‌వైజరును ఆ సంగతి అడిగేసింది. వారం తిరక్కుండా అతను ఆమె చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టి వేలిముద్ర వేయమన్నాడు. మామూలు కాగితమేనన్నాడట. “మా మేనకోడలు తొమ్మిది సదువుతాండాది, సూపించుకోని తెస్తా” అని అత్త దాన్ని కొంగున ముడివేసుకుని ఇంటికి తెచ్చింది.

నేను గొంతు సవరించుకుని చదివాను. నాకు పట్టుదొరికినవి ‘వాలంటరిలీ’, ‘లీవ్’ అన్న రెండు మాటలే. ‘లీవ్’ అంటే సెలవు, అది నాకు తెలుసు. వాలంటీర్లంటే మంత్రాలయం మఠంలో బిళ్లలు పెట్టుకుని భోజనాలు వడ్డించేవాళ్లు, అదీ తెలుసు. రెండూ కలిపాను. “సేవ చేసినందుకు నీకు సెలవిస్తున్నారత్తా!”

అత్త నా మొహం వంక చూసింది. “ఆయప్ప నాకు సెలవిస్తాడా? జరమొస్తేనే ఈలేదు. ఇంగోసారి సూడు పాపా.”

పక్కవీధిలో రిటైరైన మాస్టారింట్లో లావుపాటి నిఘంటువు ఉండేది. పరుగెత్తాను. ‘వాలంటరిలీ’ అంటే ‘తనంతట తాను, ఇష్టపూర్వకంగా’ అని చదివి వినిపించి, ‘లీవ్’ అంటే విడిచిపోవడం కూడానమ్మా అన్నారాయన. నా ఇష్టంతో నేను పని మానుకుంటున్నాను: అదీ ఆ కాగితం. తిరిగొస్తుంటే నా చెవులు మండిపోయాయి. నా తెలివిని నమ్మి ఉంటే అత్త వేలు ఆ కాగితం మీద పడేది.

విన్నాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రొట్టె తడుతూ ఆ మాటను నా చేత పదిసార్లు చెప్పించుకుంది. “కాదనల్లంటే ఎట్లనల్ల?” అని అడిగింది. ముందు ‘నాట్’ పెట్టాలన్నాను.

మర్నాడు నన్నూ వెంటబెట్టుకుని మిల్లు గేటు దగ్గరకు పోయింది. సూపర్‌వైజరు ఎదురొచ్చాడు.

“నాట్ వాలంట్రీ, సారూ” అంది అత్త.

అతను పగలబడి నవ్వాడు. “ఇదేం ఇంగ్లీషమ్మా!”

“నా ఇంగ్లీషులో తప్పుంటే నువ్వు దిద్దు. నీ కాగితంలో అబద్ధముండాది, అది ఎవురు దిద్దల్ల? నా ఇష్టమని రాసినావే, నన్నడిగితివా? నేనే తీసేస్తాండానని నీ పేరుతో రాయి. తీసుకోని పోతా.”

అతను రాయలేదు. ఆమెను లోపలికీ రానివ్వలేదు. అత్త తలమీద తువ్వాలు వేసుకుని గేటు ఎదురుగా కూర్చుంది. మరుసటి రోజు ఆమె పక్కన ఇద్దరు కూర్చున్నారు. అయిదో రోజుకు పత్తి ఏరే ఆడవాళ్లలో ఒక్కరూ లోపలికి పోలేదు. బడి వదలగానే నేనూ పోయి కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లందరికీ ఆ రెండు మాటలూ అత్తే నేర్పేది, పలకడం కుదరకపోతే నాకంటే గట్టిగా కసిరేది. పత్తి లారీలు రోడ్డు పొడవునా ఆగిపోయాయి. చివరికి యజమాని కారు దిగి ఏమిటీ గొడవ అంటే, అంతమంది ఒక్క గొంతుతో ఇంగ్లీషులో జవాబు చెప్పారు. ఆయన కాగితం తెప్పించుకుని చదివాడు, సూపర్‌వైజరు వైపు చూశాడు, నాలుగు ముక్కలుగా చింపాడు.

రేకుల మరుగుదొడ్డి మరుసటి ఏడు పత్తి సీజనుకు గానీ లేవలేదు. ఆ ఏడంతా సూపర్‌వైజరు అత్తను దుమ్ము ఎక్కువుండే మూలకే తోశాడు. ఆమె దగ్గుతూనే పనిచేసింది, పని మాత్రం వదల్లేదు. మా నాన్న సర్దుకుపొమ్మంటే, “సర్దుకునేది ఆయప్పను సర్దుకోమను” అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. కాలం ఎంతటివాళ్లనైనా మెత్తబరుస్తుందని అంటారు. మా అత్త దగ్గర అది పాతికేళ్లు ఓపిగ్గా కూర్చుని చూసింది, ఆమె మెత్తబడలేదు.