నర్సక్క పురికొస

నర్సక్క పోయిందని మా ఊరు పుంగనూరు నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఆ ఫోన్ చేసినవాడి పెళ్లినాడు వంటవాళ్లు పారిపోయారని పుకారు పుట్టించింది నేనే. ఇన్నాళ్లకు బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "సాల్లేరా, ఇంగేమన్నా కొత్తది కనిపెట్టు" అని పెట్టేశాను. అయినా టైలరు షాపు మూసి కుప్పంలో బస్సెక్కాను. ఎందుకెక్కానో తెలియాలంటే ఆమె సంగతి చెప్పాలి.

నర్సు పని నుంచి రిటైరై మా వీధిలోనే ఉండేది. చెరువు నిండిన ఏడు మా ఊళ్లో గాలం వేయనివాడు లేడు, వేలికి గుచ్చుకోనివాడూ లేడు. గాలానికి ఎదురుముల్లు ఉంటుంది. తొందరపడి లాగితే మాంసం చీరుకుంటూ వస్తుంది. నర్సక్క సబ్బుతో కడిగి, పురికొసను గాలం ఒంపుకు తగిలించి, కాడను చర్మానికి అదిమిపట్టేది. "ఎదురుగా నిలబడొద్దండ్రా, ఎగిరొచ్చి మీ మూతికి తగులుకుంటాది" అని జనాన్ని తరిమేది. ఆనక తీరుబడిగా, "పొద్దున ఏం తిన్యావప్పా?" అనేది. వాడు "రాగిసం..." అనేలోపు ఒక్క గుంజు. మళ్లీ కడిగి, టీటీ సూదికి తోలేది. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం ముట్టేది కాదు. "ఈడ నా పురికొస సాలదు. కదిలించకుండా మదనపల్లెకు పో" అనేది.

ఒకసారి నేను విరిగిన గాలాన్ని వేళ్ల సందున ఇరికించుకుని, చేతికి ఎర్రగా పూసుకుని, చెరువు కట్ట మీద కేకలు పెట్టాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. వేళ్లు విప్పి చూపించి నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెనక్కి నడిచింది.

ఆ నెలలోనే నిజంగా దిగింది, బొటనవేలి కండలోకి. కత్తెర పట్టే వేలు. అది చెడితే నా బతుకు చెడినట్టే. కబురు పంపితే కట్ట మీద ఒకటే ఎగతాళి. "నువ్వు పిలిస్తే ఆయమ్మ వస్తాదా? చచ్చినా రాదు."

వచ్చింది. ఆయాసపడుతూ, చేతిలో పురికొసతో.

"నమ్మినావా అక్కా?"

"లేదు."

"మరి యాల వస్తివి?"

"అబద్ధమైతే తిరిగి పోతాను. నిజమైతే నీకు ఏలు యాడ తెచ్చేదప్పా?"

ఏం తిన్నావని అడిగి గుంజుతుందని నాకు తెలుసు. నోరు మెదపకూడదని పళ్లు బిగించాను. ఆమె అది అడగలేదు.

"ఆ పొద్దు పూసుకునింది కుంకుమేనా?"

"కుంకుమ యాడిదక్కా, మదనపల్లె టమా..."

గాలం ఎగిరి గట్టున పడింది.

"టమాటానా! నేను రక్తమనుకోని కూడు ఇడిసి వస్తి కదప్పా" అని ఆమె నవ్వింది. తప్పయిందని అప్పుడే అనాల్సింది. ఏదో జోకేసి తప్పించుకున్నాను. ఇన్నేళ్లూ ఎప్పుడు కనబడినా జోకే వేశాను.

పలమనేరులో బస్సు మారేటప్పుడు కూడా ఇది అబద్ధమే కావాలనుకున్నాను. ఎవడైనా నన్ను వెర్రివాణ్ణి చేస్తే బాగుండునని కోరుకోవడం అదే మొదలు. వీధి మలుపు తిరిగితే ఆమె వాకిలి నిండా చెప్పులు.

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అన్నాను, "తప్పయిందక్కా" అని. అక్కడున్నవాళ్లు ఇదింకేం నాటకమోనని నా ముఖం చూశారు.

నీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. కిటికీలో సబ్బుపెట్టె పక్కన పురికొస ఉండ ఉంది. పిలిస్తే ఆలస్యం కాకూడదనేమో, కొసన ఉచ్చు ముందే వేసి పెట్టుంది. గాలికి అది మెల్లగా ఊగుతోంది.