కుళాయి నీళ్లే ఇయ్యప్పా

ఇప్పటికీ కుళాయి తిప్పితే ఆ సూపర్‌వైజరే గుర్తొస్తారు. అనకాపల్లిలో మా వీధి కింద మురుగునీటి సొరంగం తవ్వించింది ఆయనే. మెడలో సెల్‌ఫోన్ వేలాడేసుకుని, రోజూ సాయంత్రం కుళాయి వచ్చే వేళకు మా ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగేవారు.

అమ్మ కుండలో ముంచబోతే, "కుండవి వద్దు, కుళాయి నీళ్లే ఇయ్యప్పా" అనేవారు. అప్ప అంటే మా వైపు అక్క. గ్లాసును వెలుగుకెత్తి చూసి, మెల్లగా తాగేవారు.

"సల్లటి నీళ్లుండగా ఆ ఏడి నీళ్లేటి బాబూ!" అని అమ్మ నొచ్చుకునేది.

సొరంగం పైనే మా వీధి మంచినీళ్ల గొట్టం ఉంది. నేల కుంగినా అది విరగకూడదని, చుట్టూ మట్టి తీయించి, ఇనుప దూలాలకు గొలుసులతో వేలాడదీయించారు. గొలుసులు ఒరుసుకోకుండా అమ్మ పాత చీరలే చుట్టించారు.

ఒక సాయంత్రం కూలీలంతా టీకి పైకొచ్చి ఉండగా, మా గుమ్మం ముందు రోడ్డు జానెడు కుంగింది. వీధంతా అటు పరుగెత్తితే, ఆయన మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చి కుళాయి తిప్పారు. గ్లాసు పట్టి చూశారు. తాగారు.

"మట్టి రాలేదప్పా. గొట్టం అతుకు ఇడిపోనేదు" అంటూ మెట్టు మీద కూలబడ్డారు.

అమ్మ కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఆయన ఈసారి వద్దనలేదు.